వార్తల్లో పదం: ఎస్ మోడ్

కొన్ని చవక ల్యాప్‌టాప్‌లలో విండోస్ కట్టడితో వస్తుంది. ఆ కట్టడి పేరే ఎస్ మోడ్. మైక్రోసాఫ్ట్ 2017లో విండోస్ 10 ఎస్ పేరిట దీన్ని విడి ఎడిషన్‌గా తెచ్చి, మరుసటి ఏడాది ఒక మోడ్‌గా మార్చింది. విండోస్ 11లో హోమ్ ఎడిషన్‌కే పరిమితం.

ఇందులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోని యాప్‌లే ఎక్కుతాయి. వెబ్‌సైట్ నుంచి క్రోమ్ సెటప్ ఫైలు దించుకుని క్లిక్ చేస్తే ఇన్‌స్టాల్ కాదు, హెచ్చరిక వస్తుంది. కమాండ్ ప్రాంప్ట్ కూడా తెరుచుకోదు. తెలియని ప్రోగ్రామ్‌లకు దారి లేకపోవడంతో వైరస్‌ల బెడద బాగా తగ్గుతుంది, అయితే పూర్తిగా పోదు. నకిలీ బ్యాంకు పేజీలో పాస్‌వర్డ్ కొట్టేవారిని ఏ మోడూ ఆపలేదు.

బయటపడటం ఉచితమే. సెట్టింగ్స్‌లో సిస్టమ్, ఆపై యాక్టివేషన్‌కు వెళ్లి అక్కడి స్టోర్ లింకు నొక్కితే స్టోర్ పేజీ తెరుచుకుంటుంది. అక్కడ గెట్ నొక్కాలి. మైక్రోసాఫ్ట్ ఖాతా అవసరం. ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. వెనక్కి మళ్లే మీట మాత్రం లేదు.

బ్రౌజర్, ఆన్‌లైన్ పాఠాలు, వీడియో కాల్స్‌తో సరిపెట్టుకునేవారు, ముఖ్యంగా పిల్లలు, పెద్దవారు, తొందరపడనక్కర్లేదు. అకౌంట్ల సాఫ్ట్‌వేర్, పాత ప్రింటర్ డ్రైవర్, డీటీపీకి అను ఫాంట్లు, డిజిటల్ సంతకపు టోకెన్ వంటివి కావలసినవారికి మారడం తప్ప గత్యంతరం లేదు. కావలసిన ప్రోగ్రామ్ స్టోర్‌లో దొరుకుతుందో లేదో ముందుగా వెతకడం మేలు. మారాక సెటప్ ఫైళ్లను తయారీదారు సైట్ నుంచే దించుకోవాలి.