పెరటి పక్షులకు మేత – పాటింపవలసిన జాగ్రత్తలు

కోతలనాడు మంచి వరికంకులను ఏరి, కుచ్చులుగా అల్లి, ఇంటి చూరుకు వ్రేలాడగట్టుట మన పల్లెలలో పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము. పంటలో పిచ్చుకకును వాటా కలదని మన పెద్దల భావన. నేడు విశాఖపట్నము, గాజువాక వంటి చోట్ల పెంకుటిండ్లు పోయి మేడలు వచ్చినవి. పిచ్చుక గూడు కట్టుటకు సందు లేదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను వేలాది చెట్లను కూల్చినది. అందుచే పెరటిలో గుప్పెడు గింజలు చల్లుట మంచి పనియే. కాని తెలియక పెట్టిన మేత పక్షులకు ప్రాణాంతకము కావచ్చును.

నా అనుభవమే చెప్పెదను. కొన్ని ఏండ్ల క్రిందట విత్తగా మిగిలిన జొన్నలను మా యింటి పిల్లలు పెరటిలో చల్లిరి. అవి పురుగుమందు పట్టించిన విత్తనములు. మరునాటి ఉదయమున మూడు పిచ్చుకలు చచ్చి పడియుండెను. సంచిని అందుబాటులో ఉంచిన తప్పు నాది. పిచ్చుక బరువు సుమారు 30 గ్రాములు మాత్రమే. దానిని చంపుటకు కొద్ది గింజలే చాలును. కావున మందు పట్టించిన విత్తనమును ఎన్నడును మేతగా వేయరాదు. పొలములో విత్తునప్పుడు నేలపై ఒలికిన గింజలను మట్టితో కప్పవలెను. ఎలుకల మందు కలిపిన ఎరను ఆరుబయట ఉంచరాదు.

ఏమి పెట్టవలెను? నూకలు, చోళ్లు, కొర్రలు, సజ్జలు శ్రేష్ఠము. గోరువంకలకు, చిలుకలకు జామ, బొప్పాయి ముక్కలు పెట్టవచ్చును. ఉప్పు, నూనె కలిసిన పదార్థములు, పాచిపోయిన అన్నము కూడదు. బూజుపట్టిన వేరుశనగ మరింత ప్రమాదము. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చనిపోయెను. మేతలోని బూజుపట్టిన వేరుశనగపిండియే కారణమని తరువాత తేలినది. ఆ బూజు పుట్టించు అఫ్లాటాక్సిన్ అను విషము వేయించినను పూర్తిగా పోదు. సముద్రపు తేమగల మన ప్రాంతములో, అందును వానకాలములో, గింజలు త్వరగా బూజుపట్టును. కావున గంట, రెండు గంటలలో తినునంత మాత్రమే వేసి, మిగిలినది చీకటి పడకముందే తీసివేయవలెను. లేనిచో ఎలుకలు చేరును.

మేతను నేలపై కాక, నిలువెత్తు గుంజపై పళ్లెమునందు ఉంచుడు. పిల్లులు పొంచియుండు పొదలు దగ్గర ఉండరాదు. పక్షులు రెట్టవేసిన చోటనే మేత తినినచో ఒకదాని రోగము వేరొకదానికి అంటును. పళ్లెమును వారమునకు ఒకసారియైన సబ్బునీటితో కడిగి ఎండబెట్టవలెను.

వేసవిలో గింజలకంటె నీరు ముఖ్యము. రెండంగుళముల లోతుగల మట్టి మూకుడులో నీరు పోసి, నిలబడుటకు ఒక రాయి వేసి, నీడన ఉంచుడు. నీటిని ప్రతిదినము పారబోసి, మూకుడును పీచుతో తోమవలెను. వారము, పదిదినములు కదలించని నీటిలో డెంగ్యూ దోమలు పెరుగును. ఓడరేవుకు దగ్గరనున్న ఇండ్లలో దుమ్ము కూడ నీటిపై పేరుకొనును.

నాటుకోళ్లు పెంచువారు వాటి మేతను, నీటిని అడవిపక్షులు తాకకుండ చూడవలెను. 2024లో నెల్లూరు జిల్లాలోను, 2025లో గోదావరి జిల్లాలలోను కోళ్లకు బర్డ్‌ఫ్లూ సోకినది. ఒకేచోట అనేక పక్షులు చచ్చి పడినచో చేతితో తాకక, మేత, నీరు పెట్టుట ఆపి, వెంటనే పశువైద్యాధికారికి తెలుపవలెను. గ్రామాధికారులు ఈ విషయమును అందరికి చాటించవలసియున్నది.

ఇంకొక మాట. రామచిలుక 2018 నుండి మన రాష్ట్రపక్షి. మేత ఆశ చూపి దానిని పట్టి పంజరమున పెట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము.

మనము పెట్టు గింజ పక్షికి చిరుతిండి మాత్రమే. పిచ్చుక తన కూనలకు పెట్టునది పురుగులనే. అవసరము లేని మందు చల్లక, పెరటిలో ఒక జామ, ఒక వేప నాటినచో అదియే అసలైన మేత. ఆ పిట్టలే మీ కూరపాదులపై పురుగులను ఏరి, ఆ ఋణమును తీర్చుకొనును.