పుల్ల వంపును బట్టి గూడు

సిస్‌ప్లాటిన్ ఎక్కించే ముందు మేము సెలైన్ పెడితే "ఇన్ని బాటిళ్లా సిస్టరమ్మా!" అంటారు. క్యాన్సరును చంపే ఆ మందే మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది మరి.

మందును గూటిలో దాచి కణితి దగ్గరే వదిలితే? పల్లాడియం అయాన్లను, వంపు తిరిగిన సేంద్రియ అణువులను (పుల్లలనుకోండి) ద్రావణంలో కలిపితే గూడు తనంతట తానే అమరుతుంది. ఆకారాన్ని నిర్ణయించేది పుల్ల వంపే. జపాన్‌లో మకోటో ఫుజిటా బృందం 2010లో చూపింది: వంపు 127 డిగ్రీలైతే 12 అయాన్లు, 24 పుల్లల గోళం, 149 అయితే 24, 48! అంత చిన్న తేడాకే.

2012లో న్యూజిలాండ్ శాస్త్రజ్ఞులు 2 పల్లాడియం, 4 పుల్లల గూటిలో సిస్‌ప్లాటిన్‌ను దాచి, మళ్లీ విడిపించారు. రోగులకిచ్చే మందుగా మాత్రం ఇంకా రాలేదు. అందాకా సెలైన్ వద్దనకండమ్మా. మూత్రం తగ్గితే వెంటనే సిస్టరుకు చెప్పండి.