గోల్ఫ్ కవిత్వము, హాస్యము

గోల్ఫ్ క్రీడను గూర్చి వ్రాయబడిన పద్యములు, హాస్య కథలు, పాటలను గోల్ఫ్ కవిత్వము, హాస్యము అని వ్యవహరించవచ్చును. ఈ సాహిత్యము స్కాట్లండులో పుట్టి ఆంగ్లము ద్వారా వ్యాపించినది. గోల్ఫులో బంతి నేలపై కదలక ఉంటుంది, ప్రత్యర్థి దానిని తాకడు. కావున దెబ్బ గురి తప్పినచో నింద మోయవలసినవాడు కొట్టినవాడొక్కడే. ఈ ఆటలోని హాస్యమునకు మూలమిదే.

తొలి కావ్యము

విలువిద్యాభ్యాసమునకు ఆటంకమని స్కాట్లండు పార్లమెంటు 1457లో గోల్ఫును నిషేధించినది. ఆట మాత్రము ఆగలేదు. 1743లో థామస్ మాథిసన్ ఎడింబరోలో "ది గాఫ్" అను మూడు సర్గల కావ్యమును ప్రచురించెను. కేవలము గోల్ఫు గురించి ముద్రితమైన తొలి గ్రంథమిది. లభ్యమగుచున్న తొలి నియమావళి (13 నియమములు) మరుసటి ఏడు, 1744లో వచ్చినది. అనగా నియమముల కంటే ముందు కావ్యమే వెలువడినది! ఈకలు కూరిన తోలుబంతితో జరుగు పోటీని కవి ఇతిహాస యుద్ధము వలె వర్ణించెను. జలసూత్రం రుక్మిణీనాథ శాస్త్రి పేరడీలు చదివిన తెలుగువారికి ఈ పద్ధతి క్రొత్తగా తోచదు. మాథిసన్ తరువాతి కాలమున మతబోధకుడైనాడు.

పాట నుండి వచ్చిన పదము

గోల్ఫులోని "బోగీ"కి రైలు బోగీతో గాని, భోగి పండుగతో గాని సంబంధము లేదు. 1890 ప్రాంతమున ఇంగ్లండులో బూచివాని గురించిన పాట యొకటి జనాదరణ పొందినది. అదే కాలమున ప్రతి గుంతకు మంచి ఆటగాడు తీసుకొనవలసిన దెబ్బల సంఖ్యను నిర్ణయించి, ఆ లెక్కతో పోటీపడు పద్ధతి మొదలైనది. కంటికి కనబడక ఎన్నడూ తప్పు చేయని ఈ ప్రత్యర్థిని ఒక ఆటగాడు బూచివాడని విసుగుకొనగా, ఆ పేరే నిలిచినది. 1892లో సైనికాధికారుల క్లబ్బొకటి, తమ సభ్యులందరికీ హోదా ఉన్నది గనుక బూచివానికి కూడ కర్నలు హోదా నిచ్చినది. 1914లో ఎఫ్.జె. రికెట్స్ కూర్చిన "కర్నల్ బోగీ" కవాతు బాణీకి ఈ పేరే పెట్టబడినది. హెచ్చరికగా కేక వేయుటకు మారుగా ఒక గోల్ఫరు వేసిన రెండు స్వరముల ఈలయే దీనికి ప్రేరణ అందురు. 1957 నాటి "ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వై" చలనచిత్రము దీనిని ప్రపంచమంతటికీ వినిపించినది.

కథలు, వ్యంగ్యము

పి.జి. వుడ్‌హౌస్ కథా సంపుటములు "ది క్లికింగ్ ఆఫ్ కత్‌బర్ట్" (1922), "ది హార్ట్ ఆఫ్ ఎ గూఫ్" (1926) ఈ హాస్యమునకు శిఖరములు. మొదటి దానిలో ఒక రష్యన్ రచయిత గోల్ఫు పిచ్చివాడు. లెనిన్ పై ఎవరో తుపాకి పేల్చగా, ఆ చప్పుడుకు ట్రాట్‌స్కీ రెండంగుళముల దూరములోని గుంతను తప్పినాడని అతడు చెప్పును. విప్లవము కంటే ఆ తప్పిన దెబ్బయే అతనికి ముఖ్యము.

నవ్వించని కవిత కూడ ఒకటి కలదు. అమెరికా కవయిత్రి సారా క్లెగ్‌హార్న్ 1915 నాటి నాలుగు పంక్తులలో, మిల్లులో పనిచేయు పిల్లలు ప్రక్కనే ఆడుకొనుచున్న పెద్దలను చూచు దృశ్యమును చిత్రించినది. బాలకార్మిక వ్యవస్థపై దీర్ఘోపన్యాసములు చేయలేని పని ఈ చిన్న కవిత చేసినది.

హైదరాబాదు పరిసరములు

భారతదేశమునకు గోల్ఫు బ్రిటిషు వారితో వచ్చినది. కలకత్తా క్లబ్బు 1829లో ఏర్పడినది. శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలోను, గచ్చిబౌలి నుండి శంషాబాదు వరకు బాహ్య వలయ రహదారి తొలి భాగము అదే సంవత్సరము నవంబరులోను ప్రారంభమైనవి. ఈ భాగమునకు గచ్చిబౌలి కొసన, మణికొండ ప్రాంతమున బౌల్డర్ హిల్స్ గోల్ఫు కోర్సు కలదు. దక్కను పీఠభూమి గ్రానైటు గుండ్ల నడుమ 18 గుంతలతో దీనిని తీర్చినారు. ఈ ప్రాజెక్టు భూముల వ్యవహారముపై 2011లో సిబిఐ కేసు నమోదైనది. క్లెగ్‌హార్న్ కవితలోని ప్రశ్న, అనగా ఎవరి నేలపై ఎవరు ఆడుచున్నారన్నది, ఇక్కడ కూడ వినబడును.

గోల్కొండ నయా ఖిలాలోని కోర్సు విషయములోను చారిత్రక కట్టడముల పరిరక్షకులు అభ్యంతరములు తెలిపినారు. ఆ ఖిలాలోనే "హాథియాన్ కా ఝాడ్" అను బ్రహ్మాండమైన బావోబాబ్ వృక్షమున్నది. దాని తొర్రలో పూర్వము 40 మంది దొంగలు దాగెడివారని స్థానికుల కథ. బంతి పోగొట్టుకొన్న ఆటగాళ్ళకు ఈ కథ బాగుగా అక్కరకు వచ్చును.