ఏడుకొండలకు గంట దూరమేనా?

వేగావతీ తీరాన వెలసిన సాలూరులో శ్యామలాంబకు మొక్కుకొని తిరుమల యాత్రకు సిద్ధమయ్యే కుటుంబాలలో నేడు తరచుగా వినిపించే మాట ఒకటుంది: ‘‘విమానంలో గంటేనట, అమ్మను కూడా తీసుకువెళదాం!’’ సంకల్పం శుభప్రదమే. అయితే దర్శనం టికెట్టు తీసుకొనే ముందు ఆ గంట లెక్కను ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

విశాఖపట్నం విమానాశ్రయం నుంచి తిరుపతి చెంతనున్న రేణిగుంట విమానాశ్రయానికి గగనమార్గంలో దూరం సుమారు 600 కిలోమీటర్లు. విజయవాడ, గూడూరుల మీదుగా చుట్టి వెళ్ళే రైలుకు అదే ప్రయాణం దాదాపు 740 కిలోమీటర్లు; రాత్రంతా బండిలోనే గడపాలి. విమానం పైకి లేవడానికి, కిందికి దిగడానికి పట్టే సమయం కూడా కలుపుకొంటే గంట నుంచి గంటన్నరలో గమ్యం చేరుతుంది.

మరి మీ గడప నుంచి లెక్కిస్తే? సాలూరు నుంచి విజయనగరం మీదుగా విశాఖ విమానాశ్రయానికి సుమారు మూడు గంటలు. తనిఖీల నిమిత్తం రెండు గంటల ముందే చేరాలి. దిగిన తరువాత సామాను అందుకొని, తిరుపతి మీదుగా కొండ ఎక్కేసరికి మరో రెండు గంటలు. వెరసి ఎనిమిది గంటలకు తక్కువ కాదు!

నేరు విమానం దొరకక హైదరాబాదులో మారవలసి వస్తే గగనదూరమే దాదాపు 930 కిలోమీటర్లవుతుంది. నడుమ నిరీక్షణ అదనం. విజయనగరం జిల్లా భోగాపురంలో 2023 మే 3న శంకుస్థాపన జరిగిన విమానాశ్రయం నుంచి బయలుదేరితే విశాఖ నగరం దాకా వెళ్ళే శ్రమ తప్పుతుంది. కనుక టికెట్టుపై ఏ విమానాశ్రయం పేరున్నదో తప్పక చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. ఉదయం విమానం దిగి మధ్యాహ్నమే దర్శనం చేసుకోవాలని ఏర్పాటు చేసుకోకండి. విమానం రెండు గంటలు ఆలస్యమైతే దర్శన సమయం చేజారవచ్చు. సకాలంలో చేరినా, తెల్లవారుజామున లేచి వచ్చిన వృద్ధులు అలసిన దేహంతో క్యూలో నిలబడవలసి వస్తుంది. ముందురోజే చేరుకొని రాత్రి విశ్రమించి, మరునాడు స్వామి సన్నిధికి వెళ్ళడం ఉత్తమం. పూజాసామగ్రిలో పసుపు కుంకుమలకు అభ్యంతరం లేదు. కర్పూరం, అగ్గిపెట్టె మాత్రం ఇంటివద్దనే ఉంచాలి.

ఆరోగ్యవంతులు అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి మొక్కు తీర్చుకోవచ్చు. మోకాళ్ళు సహకరించని తల్లిదండ్రులకు విమానం కలిగించే మేలు కాలం ఆదా కావడం ఒక్కటే కాదు, ఓపిక మిగలడం కూడా. ఆ ఓపికను హడావుడికి ఖర్చుచేయక స్వామి ఎదుట నిలిచే క్షణానికి దాచి ఇవ్వండి. యాత్రాఫలం వారితోపాటు మీకూ దక్కుతుంది.