ఆటలో అందఱికిని చోటు

ఆటస్థలమున అందఱును సమానులే యని పెద్దలు చెప్పుదురు. కాని జట్లను ఏర్పఱచు సమయమున పరికించి చూడుడు. బలిష్ఠులైన పిల్లలను ముందుగా పిలుతురు. కాళ్లకు బూట్లు లేనివాడును, నత్తిగా మాటలాడువాడును, ఊరికి క్రొత్తగా వచ్చిన కూలివాని కుమారుడును గట్టుమీదనే మిగిలిపోవుదురు. బాలికలను పిలుచుటయే అరుదు. ఆట తనంతట తాను మనుష్యులను కలుపజాలదు; కలుపునట్లు ఆడించు శిక్షకుడు కావలెను. అట్టి శిక్షకులను తీర్చిదిద్దు నొక పద్ధతికి దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశము పుట్టినిల్లు.

1994వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు జరిగెను. జూన్ 22వ తేదీన కొలంబియా ఆటగాడైన ఆంద్రెస్ ఎస్కోబార్ ప్రత్యర్థుల బంతిని అడ్డుకొనబోగా, అది తన జట్టు గోలులోనికే పోయెను. కొలంబియా ఓడిపోయెను. పది దినములకు, జూలై 2వ తేదీన, స్వస్థలమైన మెడెలిన్ నగరమున అతడు తుపాకి గుండ్లకు బలియయ్యెను. ఆ కాలమున ఆ నగరమున మాదకద్రవ్యముల ముఠాలు విజృంభించియుండెను. పేదవాడల బాలురనేకులు వానిలో చేరి, పిన్నవయస్సుననే ప్రాణములు కోల్పోవుచుండిరి.

అపుడు ఆ నగరమున నుండిన యూర్గెన్ గ్రీస్‌బెక్ అను జర్మనీ దేశీయుడు, 1996లో స్థానికులతో కలసి ‘శాంతికొఱకు ఫుట్‌బాల్’ అను ఉద్యమమును ఆరంభించెను. దాని నియమములు విచిత్రములు. ప్రతి జట్టులోను బాలురు, బాలికలు కలసి ఆడవలెను. మొదటి గోలు బాలికయే చేయవలెను. కావున బాలురు ఆమెకు బంతి నందింపక తప్పదు. రిఫరీ యుండడు.

తరువాతి కాలమున ఈ పద్ధతి మూడు భాగముల ఆటగా రూపొంది, పలుదేశములకు వ్యాపించెను. మొదటి భాగమున ఇరుజట్లును వలయముగా కూర్చుండి, ఆటకు నియమములను తామే నిర్ణయించుకొందురు. రెండవ భాగమున ఆడుదురు. మూడవ భాగమున మరల కూర్చుండి, ఆ నియమములను ఎవరెంతవఱకు పాటించిరో చర్చింతురు. సత్ప్రవర్తనకు వచ్చిన మార్కులు ఆటలో వచ్చిన మార్కులకు చేరును. గోలులు ఎక్కువ చేసిన జట్టు సైతము కడపట ఓడిపోవచ్చును.

ఇందు రిఫరీ స్థానమున మధ్యవర్తి యుండును. అతనికి శిక్షణ అత్యవసరము. తీర్పు చెప్పుట సులభము; పిల్లలచేత తీర్పు చెప్పించుట కష్టము. తగవు వచ్చినపుడు “తప్పెవరిది?” అని గద్దింపక, “మనము ఒప్పుకొన్న నియమమేమి?” అని అతడు అడుగవలెను. వాచాలురే మాటలాడక, మౌనముగా నుండు పిల్లలకును వంతు వచ్చునట్లు చూడవలెను. ఒక బాలిక నాలుగు దినములు రాకున్న, ఇంటిపనియా, భయమా, ఎవరైన ఎగతాళి చేసిరా యని నెమ్మదిగా విచారింపవలెను. తిట్టుట, కొట్టుట ఎన్నడును కూడదు. అవమానింపబడిన బిడ్డ మైదానమునకు మరల రాకపోవచ్చును.

మనదేశమున నాగపూరునందు కళాశాల వ్యాయామోపాధ్యాయుడైన విజయ్ బర్సే 2001లో మురికివాడల బాలురను ఫుట్‌బాల్ ద్వారా చేరదీయ నారంభించెను. అచట ఆడి పెరిగినవారిలో కొందఱు తామే శిక్షకులైరి. గుడిసెలో పెరిగిన శిక్షకునికి గుడిసెలోని బిడ్డ కష్టము వేఱుగ చెప్పనక్కఱలేదు. పిల్లలును అతనిని చూచి, తామును అట్లు కాగలమని ధైర్యము పొందుదురు.

ఆట యొక్కటియే పేదఱికమును తొలగింపజాలదు. దానికి బడియు, అన్నమును, పెద్దలకు పనియు కావలెను. అయినను తన మాటను పదిమంది విందురని ఒక్కసారి తెలిసికొన్న బిడ్డ, బడిలోను ఊరిలోను తలయెత్తి మాటలాడ నేర్చును. గెలిచిన కప్పులు బీరువాలో నుండును. మఱునాడు మరల ఆటకు వచ్చిన పిల్లలే శిక్షకుని నిజమైన గెలుపు.