కోత, మేట: పగడపు ఇసుక దీవుల పాఠం

పెద్ద పిల్లల క్లాసులో భూగోళం మాట వచ్చినప్పుడు "సముద్రమట్టం పెరిగి దీవులు మునిగిపోతున్నాయి" అని ఒక్క వాక్యంతో దాటేస్తుంటాం. నేనూ అలాగే చెప్పేదాన్ని. అది సగమే నిజం. మిగతా సగం చెప్పడానికి మన గోదావరి లంకల్లో వాడే రెండు మాటలు చాలు. ఒడ్డు విరిగి నీళ్లలో కలిసిపోతే కోత. కొట్టుకొచ్చిన ఇసుకో ఒండ్రో ఇంకోచోట పేరుకుంటే మేట. ముందు ఈ రెండూ బోర్డు మీద రాయండి.

తర్వాత మ్యాపులో హవాయి చూపించండి. హొనలులుకి వాయవ్యంగా సుమారు 550 మైళ్ల దూరంలో ఫ్రెంచ్ ఫ్రిగేట్ షోల్స్ ఉంది. హవాయి భాషలో దాని పేరు లాలో. అక్కడ ఈస్ట్ ఐలండ్ అని దాదాపు 11 ఎకరాల ఇసుక దీవి ఉండేది. 2018 అక్టోబరు మొదట్లో వలాకా తుఫాను వెళ్లాక చూస్తే అది దాదాపుగా లేదు. హవాయి పచ్చ తాబేళ్లలో నూటికి తొంభైకి పైగా గుడ్లు పెట్టేది లాలోలోనే, అందులో దాదాపు సగం ఈ ఒక్క దీవి మీదే. తల్లి తాబేళ్లు అప్పటికే వెళ్లిపోయాయి గానీ, ఇంకా పిల్లలు కాని గుడ్లు కొట్టుకుపోయాయి. ప్రపంచం మొత్తంలో 1,600 అటూ ఇటూగా మిగిలిన హవాయి మాంక్ సీల్ కూడా పిల్లల్ని పెట్టేది ఇలాంటి దిబ్బల మీదే.

అసలు ఆ ఇసుక ఎక్కడిది? పిల్లలకి బాగా నచ్చే భాగం ఇదే, తొందరపడకండి. గోదావరి ఇసుక కొండరాళ్లు అరిగి వచ్చింది. లాలో ఇసుక ప్రాణులు చేసింది. పగడపు పురుగులు కట్టుకున్న సున్నపు గూళ్లు, గవ్వలు, సున్నం పట్టిన నాచు విరిగి నలిగి ఇసుకవుతాయి. చిలక ముక్కులాంటి పళ్లున్న చేపలు పగడపు రాతిని కొరికి, నాచు తిని, మిగతాది తెల్లటి ఇసుకగా విసర్జిస్తాయి. పెద్ద చేప ఒక్కటే ఏడాదికి వందల పౌండ్లు చేయగలదు. (ఇక్కడ క్లాసు ఒక ఐదు నిమిషాలు ఆగిపోతుంది, సిద్ధంగా ఉండండి.) పగడం అనగానే అమ్మమ్మ ఉంగరంలోని ఎర్రది అంటారు. అది వేరే జాతి, దీవులు కట్టదు అని చెప్పండి.

అంటే దీవికి ఇసుక ఇచ్చేదీ, అలల్ని ముందే విరిచేదీ పగడపు దిబ్బే. నీళ్లు వేడెక్కి పగడాలు చస్తే మేటకి సరుకు తగ్గుతుంది. సముద్రమట్టం పెరిగితే దిబ్బ దాటి వచ్చే అల పెద్దదవుతుంది. కోత గెలుస్తుంది.

"మరి గోడ కట్టొచ్చు కదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. లాలోలోనే దానికి జవాబుంది. రెండో ప్రపంచయుద్ధంలో నౌకాదళం టర్న్ ఐలండ్ చుట్టూ ఇనప రేకుల గోడ కట్టి, మధ్యలో పగడపు మట్టి నింపి విమానాల రన్‌వే చేసింది. ఇప్పుడా గోడ తుప్పు పట్టి చిల్లులు పడింది. దాని వెనక సీళ్లు, తాబేళ్లు ఇరుక్కుంటున్నాయి. నా దృష్టిలో ఇసుక దీవికి కావలసింది కదలడానికి చోటు. 2006లో ఏర్పడిన పాపహానౌమోకువాకేయా రక్షిత ప్రాంతం చాలావరకు ఆ పనే చేస్తోంది. అనుమతి లేకుండా ఎవరూ వెళ్లకూడదు, వ్యాపారానికి చేపలు పట్టకూడదు. దీవుల మీద దిగేవాళ్లు కొత్త బట్టలు, అవీ 48 గంటలు ఫ్రీజర్లో పెట్టినవే వేసుకోవాలి, బయటి గింజలూ పురుగులూ రాకుండా.

చివరి పావుగంట బేకింగ్ ట్రేలో చేయించండి. ఒక పక్క గులకరాళ్ల వరస, వెనక ఇసుక కుప్ప, కొంచెం నీళ్లు. అట్టముక్కతో అలలు పుట్టించాలి. తర్వాత రాళ్లు తీసేసి మళ్లీ చేయాలి. చూసింది తెలుగులోనే చెప్పాలి: "ఇక్కడ కోత పడింది, అక్కడ మేట వేసింది." ఇసుక దొరక్క నేనోసారి బొంబాయి రవ్వతో చేశాను. అది ఉప్మా అయింది, వద్దు.

"ఈస్ట్ ఐలండ్ మళ్లీ వస్తుందా టీచర్?" అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. తుఫాను తర్వాత కొంత ఇసుక తిరిగి మేట వేసింది, కానీ మునుపటంత కాదు. ఇదే దిబ్బల మధ్య ఉండే వేల్‌స్కేట్ అనే దీవి 1990లలో పోయింది, ఇంతవరకు రాలేదు.