కోత కిందుంది, పొట్ట పైనుంది

మా గుంతకల్లులో కాన్పయిన ఆడపిల్లలు తరచూ అనే మాట ఒకటుంది: "ఆపరేషన్ చేసినందుకే తాతా, ఈ పొట్ట!" కాదమ్మా. ఆ పొట్టను తెచ్చింది తొమ్మిది నెలలు. కత్తి తేలేదు. మామూలు కాన్పయిన వాళ్లకూ అది వస్తుంది.

ఎట్లంటావా, విను. బొడ్డుకు అటూ ఇటూ, పక్కటెముకల దగ్గర్నుంచి పొత్తికడుపు కింది ఎముక దాకా రెండు పొడవాటి కండలుంటాయి. మధ్యలో ఒక తెల్లటి నారపట్టీ వాటిని కలిపి ఉంచుతుంది. బిడ్డ పెరిగేకొద్దీ ఆ పట్టీ సాగి పలచబడుతుంది, కండలు ఎడమవుతాయి. ఇప్పుడు సిజేరియన్‌లో మామూలుగా పెట్టే అడ్డకోతను 1900లో ఫానెన్‌స్టీల్ అనే జర్మన్ డాక్టరు వివరించాడు. అందులో ఈ కండలను కొయ్యరు, పక్కకు జరుపుతారంతే. అయితే కోత తప్పు అసలే లేదని కాదు. మచ్చ లోపలి పొరకు అతుక్కుంటే, దాని పైనున్న చర్మం, కొవ్వు మడతపడి వేలాడతాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు, తెలంగాణలో 60కి పైగా సిజేరియన్లే. దేశం మొత్తమ్మీద 21. అందుకే ఈ "ఆపరేషన్ పొట్ట" ముచ్చట మన ఇళ్లల్లో ఇంత వినబడుతోంది.

ఈ పొట్ట తీయించుకోవాలని ముందే తొందరపడొద్దు. నార్వేలో 300 మంది తొలి కాన్పు తల్లులను ఏడాదిపాటు గమనించి 2016లో ఫలితాలు ప్రకటించారు. కాన్పయిన ఆరు వారాలకు నూటికి 60 మందిలో కండలు ఎడంగానే ఉన్నాయి. ఏడాదికి ఆ సంఖ్య 33కు దిగింది. అంటే చాలామందికి ఒళ్లే సర్దుకుంటుంది. మన అవ్వలు బిగించే నడికట్టు కుట్ల నొప్పికి ఊరటనిస్తుంది గానీ కండలను కలపదు. బెల్టులమ్మేవాళ్ల సంగతి నేనెత్తను.

వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొంచెం ఎత్తి బొడ్డు పైన వేళ్లు పెట్టి చూసుకో. రెండు వేళ్లకు మించి సందుంటే ఫిజియోథెరపిస్టును కలువు. దగ్గినప్పుడు బుడిపె ఉబికితే, నొప్పి ఉంటే అది హెర్నియా కావచ్చు. అది అందానికి సంబంధించింది కాదు, వెంటనే సర్జన్‌కు చూపించాలి.

ఇక కాస్మెటిక్ సర్జరీ. లైపోసక్షన్ గొట్టంతో చర్మం కింది కొవ్వును పీలుస్తుంది. సాగిన చర్మానికి, ఎడమైన కండలకు అది పనికిరాదు. షుగరు తగ్గుతుందన్న ఆశా వద్దు. 2004లో అమెరికాలో 15 మంది స్థూలకాయ స్త్రీలకు దాదాపు పది కిలోల కొవ్వు తీసినా ఇన్సులిన్ పనితీరు మారలేదు. బొడ్డు కిందే వదులుంటే మినీ టమ్మీ టక్, అంటే పొట్ట బిగించే చిన్న ఆపరేషన్, చాలు. పూర్తి టమ్మీ టక్ పెద్ద పని. ఒక తుంటి నుంచి మరో తుంటి దాకా కోసి, వదులైన రవికెకు లోకుట్టు వేసినట్టు కండలను దగ్గరికి కుట్టి, మిగిలిన చర్మం కత్తిరించి, బొడ్డును చర్మంలో కొత్త రంధ్రం గుండా బయటికి తెస్తారు. పాత మచ్చ చాలావరకు ఆ ముక్కతోపాటే పోతుంది, దానికంటే పొడుగైన కొత్త మచ్చ మిగులుతుంది! చర్మం కింద నీరు చేరడం, ఇన్ఫెక్షన్, తిమ్మిరి ఉండొచ్చు. అన్నిటికంటే ప్రమాదం, కాళ్లల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు పోవడం.

ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఇప్పుడొద్దు, కడుపు మళ్లీ సాగుతుంది. ఆ 2019-21 సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే గనక, ఆ ప్రశ్న చాలామందికి ముందే తీరిపోయి ఉంటుంది. ఆపరేషన్‌కు ముందే పాలు మాన్పించాలి, బరువు నిలకడగా ఉండాలి. ఆపరేషనయ్యాక ఆరు వారాల పాటు బరువులెత్తకూడదు. కొళాయి ఎప్పుడొస్తుందో తెలియని మన వీధుల్లో నీళ్ల బిందె ఎవరెత్తుతారో ముందే ఇంట్లో తేల్చుకో. చిన్నోడిని చంకనెత్తుకోవడమూ కుదరదు.

అందం కోసం చేసే ఆపరేషన్‌కు ఆరోగ్య బీమా డబ్బివ్వదు. అప్పు చేసి చేయించుకోవాల్సిన అవసరమైతే లేదంటాను.

చేయించుకోవాలనే అనుకుంటే, దానికోసం బెంగళూరు రైలెక్కే ముందు అక్కడి డాక్టరుకు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డి.ఎన్.బి. గానీ ఉందో లేదో అడుగు. కుట్లు చూపించుకోవడానికి ఎన్నిసార్లు రావాలో, ఎన్ని రోజులకు తిరుగు రైలెక్కొచ్చో కూడా అడుగు. కొత్తగా ఆపరేషనయిన మనిషి గంటల తరబడి ఒకే సీట్లో కూర్చోవడం మంచిది కాదు తల్లీ.